పాలు మాన్పించే చేదు



ఈవేళ ఒక ఎలుక సంగతితో మొదలుపెడతాను. సామాన్లగదిలో ఎలుక దూరని ఇల్లు ఎక్కడుంది చెప్పండి! బియ్యంబస్తా కొరికిందంటే బోను పెడతాం, మరీ విసుగొస్తే పక్కింటి పిల్లిని చేరదీస్తాం. అంతేగాని, ఆ ఎలుక ఎవరి పక్షాన కొరికిందా అని ఆలోచిస్తూ కూర్చోం గదా! అమెరికాలో ఇంగ్లీషువాళ్ళు కాపురాలు పెట్టిన కొత్తలో, 1640లో, మసాచుసెట్స్ వలసలో ఒక పెద్దమనిషి అలా ఆలోచించాడు. ఆయన జాన్ విన్‌త్రాప్. ఆ వలసకి ఎన్నోసార్లు గవర్నరుగా ఎన్నికైనవాడు. ఆయన కొడుకు తన పుస్తకాలు ధాన్యం పోసిన గదిలో ఉంచుకున్నాడట. వెయ్యికి పైచిలుకు పుస్తకాలు. అందులో ఒకదానిలో మూడు గ్రంథాలు కలిపి కుట్టి ఉన్నాయి: గ్రీకు భాషలో క్రొత్త నిబంధన, కీర్తనలు, ఇంగ్లండు చర్చివారి ప్రార్థనల పుస్తకం. ఎలుకలు ఆ ప్రార్థనల భాగాన్ని ఒక్క ఆకు విడవకుండా కొరికేసి, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న తక్కిన రెండింటి జోలికీ పోలేదట. గదిలో ఉన్న మరే పుస్తకాన్నీ ముట్టుకోలేదట. గవర్నరుగారు ఈ ముచ్చట తన రోజువారీ పుస్తకంలో శ్రద్ధగా వ్రాసిపెట్టుకున్నాడు. ఆ ప్రార్థనల పుస్తకమంటే ఆయనకీ, ఆయన వెంట వచ్చినవాళ్ళకీ గిట్టదు. ఎలుక చేత దేవుడు కూడా అదే మాట చెప్పించాడని ఆయన భావం.

నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. మా పెద్దమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషుకి చదువుతోంది. దాని పుస్తకాల్లో అమెరికా తొలినాటి వ్రాతలన్నీ ఒకచోట కూర్చిన లావుపాటి సంపుటం ఒకటుంది. నేను మెట్రిక్‌తో ఆగిపోయినదాన్ని. ఆ కాలపు ఇంగ్లీషు నాకు ఒక పట్టాన కొరుకుడుపడదు. అయినా పనిమనిషి వెళ్ళి, వంటిల్లు సర్దేసిన తరువాత, మధ్యాహ్నాలు నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, అర్థం కానిచోట అమ్మాయిని విసిగిస్తూ చదివాను. ఎలుక దగ్గర నవ్వినదాన్ని, మరి కొన్ని పేజీలు తిరగేసేసరికి నవ్వలేకపోయాను. ఎందుచేతనో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఆ మనుషులెవరో తెలియాలి. ఇంగ్లండులో రాజుగారి చర్చిలో పాత ఆడంబరాలు ఇంకా మిగిలిపోయాయని, వాటినన్నిటినీ కడిగి శుద్ధి చెయ్యాలని పట్టుబట్టినవాళ్ళు. శుద్ధి, శుద్ధి అంటున్నారని ఎదుటివాళ్ళు ఎగతాళిగా 'ప్యూరిటన్లు' అని పేరు పెట్టారు, ఆ పేరే నిలిచిపోయింది. వాళ్ళలో చర్చితో పూర్తిగా తెగతెంపులు చేసుకున్న ఒక చిన్న గుంపు 1620లో 'మేఫ్లవర్' అనే ఓడలో వచ్చి ప్లిమత్‌లో దిగింది. ఓడలో వచ్చినవాళ్ళు 102 మంది. మొదటి చలికాలం గడిచేసరికి అందులో ఇంచుమించు సగంమంది మట్టిలో కలిసిపోయారు. పదేళ్ళ తరువాత, 1630లో, విన్‌త్రాప్ నాయకత్వంలో పెద్ద దండే బయలుదేరింది. బోస్టన్ పట్నం కట్టింది వాళ్ళే.

వాళ్ళ నమ్మకంలో కీలకమైనది ఒకటుంది. ఎవరికి మోక్షమో, ఎవరికి నరకమో సృష్టికి పూర్వమే దేవుడు నిర్ణయించేశాడు. మనం కూడా నుదుటి వ్రాత అంటాం. కాని మన లెక్కలో ఆ వ్రాత వెనక పూర్వజన్మలో మనం చేసుకున్నదేదో ఉంటుంది. ముందు ముందు దాన్ని దిద్దుకునేందుకు నోమో, వ్రతమో, దానమో చేసుకోవచ్చునని ఒక ఆశా ఉంటుంది. వాళ్ళకి ఆ ఆశ లేదు. ఎంత మంచిగా బ్రతికినా మంచితనంతో మోక్షం కొనుక్కోలేరు. తను ఎంపికైనవాడా కాదా అన్నది తెలుసుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. అందుకని ఎవరి మనస్సు వాళ్ళు తవ్వుకుంటూ, ఈవేళ ఏ పాపపు తలంపు వచ్చింది, ప్రార్థనలో మనస్సు నిలిచిందా లేదా అని వ్రాసుకుంటూ ఉండేవారు. ఇంట్లో జరిగే ప్రతి చిన్న సంగతీ, పిల్లవాడికి జ్వరం వచ్చినా, ఆవు తప్పిపోయినా, పిడుగు పడినా, అది దేవుడు తమకి వ్రాసిన ఉత్తరమని భావించి, అందులో ఏముందో చదువుకునేవారు. పిల్లలకు చదువు చెప్పాలన్న పట్టుదల కూడా ఇందులోంచి వచ్చినదే. బైబిలు ఎవరికి వాళ్ళు చదువుకోవాలి గదా! 1647లో చేసిన చట్టం ప్రకారం 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ చదువు చెప్పే మనిషిని పెట్టుకోవలసిందే.

పిల్లలు ఈ భయంలోనే పెరిగేవారు. శామ్యూల్ సీవాల్ అనే బోస్టన్ న్యాయమూర్తి డైరీలో ఒక సంగతి ఉంది. 1696 జనవరిలో ఒకనాడు, మధ్యాహ్నం భోజనాలైన కాసేపటికి, పద్నాలుగేళ్ళ కూతురు బెట్టీ ఉన్నట్టుండి బావురుమన్నదట. తాను నరకానికి పోతానేమోనని దాని భయం. ఇంటిల్లిపాదీ దానితోపాటు ఏడ్చారు. ఆ వయస్సు పిల్ల మన ఇంట్లో దేనికి ఏడుస్తుందో నేను మీకు చెప్పనక్కరలేదు!

మగవాళ్ళ వ్రాతల్లో ఈ దైవలీల లెక్కలన్నీ చక్కగా కుదిరిపోతూ ఉంటాయి. ప్లిమత్ గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ వలస చరిత్ర వ్రాశాడు. ఎంతో మంచి గ్రంథం. ఓడలో జబ్బుపడ్డవాళ్ళను తిట్టి, మీ శవాలను సముద్రంలో విసిరేస్తానని వేళాకోళం చేసిన పడుచు నావికుడొకడు అందరికంటే ముందు తానే రోగం వచ్చి చచ్చాడని, అది దేవుడి చెయ్యేనని అందులో వ్రాశాడు. బాగానే ఉంది. కాని ఆయన భార్య డరతీ, ఓడ ఒడ్డుకు చేరిన తరువాత 1620 డిసెంబరులో సముద్రంలో పడి చనిపోయింది. అప్పుడు ఆయన ఓడ దిగి, కాపురాలకి అనువైన చోటు వెతకడానికి వెళ్ళి ఉన్నాడు. నావికుడి చావుకి అర్థం చెప్పిన ఆ చరిత్రలో భార్య చావుకి కథ లేదు. చివర ఇచ్చిన మనుషుల పట్టికలో, దిగిన కొద్దికాలానికే పోయిందని ఒక్క ముక్క. ఆ పుటల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దుఃఖం పట్టలేక వ్రాయలేదో, ఆ ఉత్తరం ఆయనకి చదవడం రాలేదో!

విన్‌త్రాప్‌గారు మాత్రం ఆడవాళ్ళ ఉత్తరాలు చదవడంలో ఎప్పుడూ తడబడలేదు సుమండీ. 1645లో కనెక్టికట్ గవర్నరు హాప్‌కిన్స్ భార్య ఆన్‌కి మతి చలించింది. వైద్యం కోసం బోస్టన్ తీసుకొచ్చారు. ఆయన వ్రాసిన కారణం వింటారా? ఆవిడ బొత్తిగా చదవడంలోనూ, వ్రాయడంలోనూ పడిపోయిందట. ఇల్లు చూసుకుంటూ, ఆడవాళ్ళకి తగిన పనులు చేసుకుంటూ, మగవాళ్ళ విషయాల్లో తల దూర్చకుండా ఉంటే తెలివి నిలిచేదట. ఇది వినిపించినప్పుడు మా అమ్మాయి నా ఒళ్ళోని నిఘంటువు వంక అదోలా చూసింది.

ఆన్ హచిన్‌సన్ కథ ఇంకా కష్టమైనది. బోస్టన్‌లో పురుళ్ళు పోసే చెయ్యి ఆవిడది, బహుకుటుంబీకురాలు. ఆదివారం విన్న ప్రసంగం మీద ఆడవాళ్ళను ఇంటికి పిలిచి ముచ్చటించేది. రానురాను మగవాళ్ళు కూడా రాసాగారు. మోక్షం దేవుడి దయ అయినప్పుడు మంచి నడవడి చూసి ఎంపికైనవాళ్ళని తేలుస్తారేమిటని ఆవిడ పాదుర్లని ఎత్తిపొడిచింది. నిజానికి వాళ్ళ సిద్ధాంతాన్నే వాళ్ళకి అప్పజెప్పింది! 1637 నవంబరులో కోర్టులో నిలబెట్టారు. పెద్దలందరికీ బైబిలు వాక్యాలతోనే సమాధానాలు చెప్పి, చివరికి దేవుడు తనకి నేరుగా తెలియజేస్తాడని అనేసింది. అంతటితో ఊరినుంచి వెలివేశారు. ఆవిడ స్నేహితురాలు మేరీ డయ్యర్‌కి వికృతమైన మృతశిశువు పుట్టింది. రహస్యంగా పూడ్చిపెట్టిన ఆ పసికందును తవ్వి తీయించి, అది ఎలా ఉందో విన్‌త్రాప్ వివరంగా వ్రాశాడు. తరువాత హచిన్‌సన్‌కి గర్భం పోయినప్పుడూ వ్రాశాడు. ఇద్దరివీ తప్పుడు భావాలకు దేవుడు వేసిన ముద్రలట. 1643లో డచ్చివాళ్ళ వలసలో ఆదివాసుల దాడిలో హచిన్‌సన్, పిల్లల్లో చాలామంది హతమైతే దానికీ అదే అర్థం చెప్పారు. తమవాళ్ళకి కష్టం వస్తే తండ్రి చేతి బెత్తం, ఎదుటివాళ్ళకి వస్తే న్యాయాధిపతి తీర్పు!

ఇక నాకు ఎంతో ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. ఆన్ బ్రాడ్‌స్ట్రీట్. విన్‌త్రాప్ ఎక్కిన 'ఆర్బెల్లా' ఓడలోనే భర్తతోనూ, తల్లిదండ్రులతోనూ వచ్చింది. అప్పటికి 18 ఏళ్ళ పిల్ల. ఇంగ్లండులో ఒక ప్రభువు దివాణంలో తండ్రి ఉద్యోగం. అక్కడ మంచి గ్రంథాలయం మధ్య పెరిగింది. అలాంటి పిల్ల వచ్చి ఈ అడవిలో పడేసరికి, చూడగానే మనస్సు ఎదురుతిరిగిందని, ఇది దైవనిర్ణయమని నచ్చజెప్పుకున్న తరువాత గాని లొంగలేదని, చాలాకాలానికి పిల్లల కోసం వ్రాసిన ఉత్తరంలో చెప్పుకుంది. పెళ్ళయి కొన్నేళ్ళదాకా పిల్లలు కలగలేదని పడ్డ బెంగ కూడా అందులో ఉంది. తరువాత ఎనిమిదిమంది కలిగారు. అదే ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. అసలు దేవుడున్నాడా అని తనకెన్నోసార్లు అనుమానం వచ్చిందట. సృష్టి చూసి, ఇంత పెద్ద సంసారానికి రోజూ జరిగే పోషణ చూసి, ఉన్నాడని తేల్చుకుందట. ఏ తల్లి పిల్లలతో ఇలా చెబుతుందండీ? మనం చెప్పం. పాపపు తలంపును దాచుకోవడం కూడా పాపమే అనే మతంలో పుట్టింది కనుక చెప్పింది.

ఆవిడ పద్యాలను మరిదివరస బంధువు జాన్ వుడ్‌బ్రిడ్జ్ ఇంగ్లండుకు పట్టుకుపోయి, ఆవిడకి చెప్పకుండా 1650లో లండన్‌లో అచ్చువేయించాడు. అమెరికా గడ్డ మీద కాపురం ఉన్నవాళ్ళ కవిత్వం పుస్తకంగా రావడం అదే మొదలు. అది ఒక ఇల్లాలిది కావడం చూశారా! ముందుమాటలో అతను జాగ్రత్తపడ్డాడు. ఈ పద్యాలు నిద్రలోనూ, విశ్రాంతిలోనూ కాస్త కోత పెట్టుకుని వ్రాసినవే గాని ఇంటిపని ఎగ్గొట్టి వ్రాసినవి కావని లోకానికి హామీ ఇచ్చాడు. హాప్‌కిన్స్‌గారి భార్య గతి అందరికీ గుర్తుంది కాబోలు.

అచ్చయిన పెద్ద పెద్ద పద్యాలకన్నా, ఇంట్లోవాళ్ళ కోసం వ్రాసుకున్న చిన్నవే నాకు నచ్చాయి. 1664లో కొడుకు సైమన్ కోసం చిన్న చిన్న తలపోతలు వ్రాసి ఇచ్చింది. అన్నీ వంటింట్లోంచీ, పెరట్లోంచీ తీసిన పోలికలే. మాంసమైతే ఉప్పు వేసి నిలవ చేస్తాం, మెత్తని పండైతే చక్కెరలో నిలవ పెడతాం, పిల్లల పెంపకమూ అంతే, ఎవరి తత్త్వానికి తగ్గట్టు వాళ్ళని పెంచాలంటుంది. ఊరగాయలు పెట్టే చేతికి ఇది వేరే చెప్పాలా! ఇంకొకటుంది. పాలు మానని పిల్లల సంగతి. మన అమ్మమ్మలు వేపాకు నూరి రాసేవారు చూడండి, అక్కడివాళ్ళు చేదాకు పసరో, ఆవపిండో రాసేవారట. కొందరు పిల్లలు దానికీ లొంగక, చేదును తుడిచేసి తాగుతారు, లేదా చేదూ తీపీ కలిపి మింగేస్తారు. మనుషులూ అలాంటివాళ్ళేనట. ఈ లోకం మీద మమకారం మాన్పించాలని దేవుడు ఎంత చేదు పూసినా వదలరు.

మాటవరసకి అన్నది కాదు ఇది. రెండేళ్ళు తిరిగేసరికి, 1666 జులై 10 రాత్రి, ఆండోవర్‌లో వాళ్ళ ఇల్లు కాలిపోయింది. దాని మీద ఒక పద్యం వ్రాసింది. అందులో, ఇచ్చినవాడే తీసుకున్నాడు, నా సొమ్మేముంది అని మొదట దేవుణ్ణి స్తుతిస్తుంది. సరే, శాస్త్రం అంతే. కాని తరువాత, ఆ బూడిద పక్కనుంచి నడిచినప్పుడల్లా కళ్ళు అటే తిరుగుతాయి. ఇక్కడ పెట్టె ఉండేది, ఇక్కడ బీరువా, ఇక్కడే నేను కూర్చునేదాన్ని, ఈ బల్ల దగ్గర ఇక చుట్టాలెవరూ భోంచెయ్యరు. ఒక్కొక్కటే లెక్కపెడుతుంది. లెక్కపెట్టి లెక్కపెట్టి, ఛీ, ఏమిటీ మమకారమని తన్ను తానే గద్దించుకుని, పరలోకంలో దేవుడు కట్టిన ఇల్లుంది గదా అని ముగిస్తుంది. పండితులు ఆ ముగింపు గురించి ఎన్నో వ్రాశారట. నాకు మాత్రం ఆ పెట్టె కళ్ళల్లో నిలిచిపోయింది.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకుంటాను, ఏమీ అనుకోకండి. నా తరువాత పుట్టిన చెల్లెలు మూడో ఏట పోయింది. వచ్చినవాళ్ళందరూ మా అమ్మతో, దేవుడి సొమ్ము దేవుడు తీసుకుపోయాడు, ఏడవకు అని చెప్పారు. అమ్మ తల ఊపేది. పూజ మానలేదు, దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. ఆవిడ పోయాక ట్రంకుపెట్టె తీస్తే, పట్టుచీరల అడుగున మెత్తని గుడ్డలో చుట్టిన చిన్న గౌను ఉంది.

బ్రాడ్‌స్ట్రీట్‌కి ఆ తరువాత పోయినవి సామాన్లు కావు, మనవలు. 1665లో ఏడాదిన్నర ఎలిజబెత్ అప్పటికే పోయింది. 1669లో మూడున్నరేళ్ళ ఆన్, ఆ ఏడాదే నెలరోజుల సైమన్. ఆ తరువాత వాళ్ళ తల్లి, అంటే ఆవిడ కోడలు మెర్సీ. ప్రతి చావుకీ ఒక పద్యం ఉంది. నమ్మకం తప్పలేదు. కాని చివరి పసివాడి పద్యం చదివితే, ఇలా ఎందుకు చేశాడని అడగకూడదు, అడగకూడదని ఆవిడ తన నోరు తానే నొక్కుకుంటున్నట్టుంటుంది. అంతగా నొక్కుకోవలసి వచ్చిందంటే లోపల అడుగుతూనే ఉందన్నమాట. దేవుడు పూసిన చేదును తుడవలేక, తీపితో కలిపి మింగింది. 1672లో కన్నుమూసింది.

ఆ తరువాత నాలుగేళ్ళు తిరక్కుండానే అదే మసాచుసెట్స్‌లో మరో ఇల్లాలికి వచ్చిన కష్టం చెప్పడానికే నేను ఇంతసేపూ మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఆవిడ మేరీ రోలాండ్‌సన్, లాంకాస్టర్ అనే సరిహద్దు ఊళ్ళో పాదిరిగారి భార్య. అప్పటికి ఆదివాసులకీ, వలసవాళ్ళకీ యుద్ధం జరుగుతోంది. మన పాత పుస్తకాల్లో రెడ్ ఇండియన్లని వ్రాసేవారే, వాళ్ళతో. వాంపనోగ్ తెగ నాయకుడు మెటాకామ్‌కి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు కింగ్ ఫిలిప్. ప్లిమత్‌లో మొదటి చలికాలం తరువాత వలసవాళ్ళకి అండగా నిలిచిన మాససాయిట్ కొడుకే అతను. తండ్రి నిలబెట్టినవాళ్ళు కొడుకు భూములు ఒక్కటొక్కటిగా ఆక్రమించారు, వాళ్ళ పశువులు మొక్కజొన్న చేలు తొక్కేశాయి, తుపాకులు అప్పగించమన్నారు. 1675లో నిప్పంటుకుంది. 1676 ఫిబ్రవరి 10న తెల్లవారుతూండగా లాంకాస్టర్ మీద పడ్డారు. పాదిరిగారు సహాయం కోసం బోస్టన్ వెళ్ళి ఉన్నాడు. ఆయన ఇంట్లో తలదాచుకున్న 37 మందిలో ఒక్కడు తప్ప అందరూ చావడమో, చెరపడడమో జరిగింది. మేరీ పక్కలోంచి దూసుకుపోయిన గుండు చంకలో ఉన్న ఆరేళ్ళ సారాకి తగిలింది. గాయపడ్డ పిల్లతో మంచులో నడిపించారు. తొమ్మిదో రోజున సారా పోయింది. చచ్చిన మనిషి ఉన్న గదిలో ఉండాలంటేనే భయపడేదాన్ని, ఆ రాత్రంతా నా బిడ్డ పక్కనే పడుకున్నానని వ్రాసింది. తన ప్రాణం తాను తీసుకోకుండా దేవుడే కాపాడాడనీ వ్రాసింది.

చెరలో 11 వారాల 5 రోజులు. ఎన్నిసార్లు గుడారాలు ఎత్తేసి కదిలారో ఆ మజిలీల వరసనే కథ నడుస్తుంది, మొత్తం ఇరవై. ఎవరో కొల్లగొట్టిన సామాన్లలోంచి ఒక బైబిలు తెచ్చి ఇచ్చారు. ఇక ప్రతి మజిలీలోనూ దానిలోని వాక్యాలు తీసి తన గతికి అర్థం చెప్పుకోవడమే. పూర్వం ఎన్ని ఆదివారాలు పరధ్యానంగా గడిపానో, అందుకే ఇది అంటుంది. ముసలివాళ్ళతో, పసివాళ్ళతో వెళ్తున్న ఆదివాసులు కట్టెల తెప్పలు కట్టుకుని నది దాటేశారు. వెంటపడి వచ్చిన ఇంగ్లీషు సైన్యం దాటలేక వెనక్కి తిరిగింది. ఇంత చోద్యమేమిటి? తమవాళ్ళింకా ఆ దయకి అర్హులు కాలేదని, వాళ్ళని శిక్షించడానికే దేవుడు ఆదివాసులను అడవి దుంపలతో పోషిస్తున్నాడని ఆవిడ తేల్చుకుంది. ఇన్నాళ్ళలో ఒక్కరు కూడా తన మానమర్యాదలకు భంగం కలిగించలేదని స్పష్టంగా చెప్పింది. ఆ పుణ్యం మాత్రం వాళ్ళ ఖాతాలో కాక దేవుడి ఖాతాలో వేసింది!

ఎంత శాస్త్రం వల్లించినా ఆడది ఆడదే. ఆవిడ చేతులు ఊరుకోలేదు. మేజోళ్ళు అల్లింది, చొక్కాలు కుట్టింది. ఫిలిప్ కొడుక్కి చొక్కా కుడితే ఒక షిల్లింగు ఇచ్చారు. టోపీ కుడితే ఫిలిప్ భోజనానికి పిలిచి రెండు వేళ్ళంత అట్టు పెట్టాడు, దంచిన గోధుమది, ఎలుగుబంటి కొవ్వులో కాల్చింది. జన్మలో అంత రుచి ఎరగనంది. మరో కుట్టుకూలికి బఠాణీలు, ఎలుగు మాంసం దొరికితే, రెండూ కలిపి వండి యజమానినీ, యజమానురాలినీ భోజనానికి పిలిచింది. చూశారా, చెరలో ఉండి విందు! యజమానురాలు ఒకే గిన్నెలో ఇద్దరికీ పెట్టిందని ముఖం చిట్లించుకుని, భర్త కత్తిమొనతో అందించిన ఒక్క ముక్క తప్ప ముట్టలేదట.

మరొక రోజు గుర్రపు కాలు ఉడికిస్తుంటే తనకో ముక్క, పక్కనున్న ఒక ఇంగ్లీషు పసివాడికో ముక్క ఇచ్చారు. తనది తినేసింది. పసివాడు కొరకలేక చొల్లు కారుస్తూ చీకుతున్నాడు. వాడి చేతిలోంచి లాక్కుని తాను తినేసింది. రుచిగా ఉందని కూడా వ్రాసింది. పాదిరిగారి భార్య, నలుగురు పిల్లల్ని కన్న తల్లి, ఊరంతా చదివే పుస్తకంలో! యోబు మాట ఒకటి తీసి, ఏవగించుకున్న తిండే దేవుడి దయవల్ల అమృతమైందని అర్థం చెప్పింది. ఆ అర్థం నాకెందుకో ఆనలేదు. కాని దాచకుండా చెప్పిందే, ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాను.

మళ్ళీ ఆ దణ్ణం పెట్టిన చెయ్యే దించుకోవలసి వచ్చింది. ఆ యజమానురాలి పేరు వీటమూ. మేరీ ఆవిణ్ణి గర్విష్టి అంటుంది. రోజూ పొద్దున్నే జుట్టుకి పొడి అద్దుకుని, ముఖానికి రంగు వేసుకుని, హారాలు పెట్టుకుని దొరసానిలా ముస్తాబయ్యేదని ఎత్తిపొడుస్తుంది. నిజానికి ఆవిడ దొరసానికేం తక్కువ కాదు, పొకాసెట్ తెగకి రాణి. సొంత యోధులున్న నాయకురాలు, ఫిలిప్ భార్యకి అక్కచెల్లెలు. ఆవిడకో చంటిబిడ్డ ఉంది. పదమూడో మజిలీలో ఆ బిడ్డ జబ్బుచేసి ఒక రాత్రి పోయింది. అదే నేలమీద కొన్ని వారాల కిందట తన బిడ్డను పోగొట్టుకున్న మేరీ ఏమని వ్రాసిందనుకున్నారు? గుడారంలో చోటు కలిసొచ్చిందని వ్రాసింది. మర్నాడు పాతిపెట్టారు. పొద్దునా, సాయంత్రం జనం వచ్చి తల్లితో కలిసి శోకాలు పెట్టారు. వాళ్ళతో కలిసి దుఃఖించడం తనకి అంతగా చేతకాలేదని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడంలో చిన్న తడబాటు ఉందని మా అమ్మాయి అంటుంది. ఉందేమో. ఉంటే బాగుండునని నాకూ ఉంది.

సారా చావులో దేవుడి ఉత్తరం ఉంది. వీటమూ బిడ్డ చావులో లేదు. ఆ బిడ్డ తల్లి, దేవుడు మేరీని కొట్టడానికి పట్టుకున్న బెత్తం మాత్రమే. బెత్తానికి కడుపుకోత ఏమిటి?

మే 2న 20 పౌన్లు ఇచ్చి మేరీని విడిపించారు. తరువాత మిగిలిన కొడుకూ, కూతురూ కూడా ఇల్లు చేరారు. 1682లో బోస్టన్ దగ్గర కేంబ్రిడ్జిలోనూ, లండన్‌లోనూ ఆవిడ కథ అచ్చయింది. కేంబ్రిడ్జి ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసినవాళ్ళలో జేమ్స్ ప్రింటర్ అనే నిప్‌మక్ ఆదివాసి ఉండేవాడు. యుద్ధంలో అతను కొంతకాలం అవతలి పక్షాన ఉన్నవాడే! జనం చేతులు మారి మారి చదివారేమో, మొదటి ముద్రణవి కొద్ది కాగితాలు తప్ప మిగల్లేదు. ఆ పుస్తకం చివర, పూర్వం రాత్రంతా హాయిగా నిద్రపోయేదాన్ని, ఇప్పుడు ఇల్లంతా నిద్రపోతుంటే నేను మేలుకుని కన్నీళ్ళతో తలగడ తడుపుతున్నానని మేరీ చెప్పుకుంది. దేవుడి ప్రేమ ఎంతటిదో తలచుకునేట ఆ మెలకువ.

వీటమూ సంగతి మేరీ పుస్తకంలో లేదు. మేరీ ఇల్లు చేరిన మూడు నెలలకి, 1676 ఆగస్టులో, తరుముకొస్తున్న సైన్యాన్ని తప్పించుకోబోయి నదిలో మునిగిపోయింది. ఇంగ్లీషువాళ్ళు తల నరికి టాంటన్ ఊళ్ళో గడకర్రకి గుచ్చిపెట్టారు. అక్కడ చెరలో ఉన్న ఆవిడ మనుషులు ఆ తల గుర్తుపట్టి, మా రాణి అని గుండెలు బాదుకుని ఏడ్చారు. బోస్టన్ పాదిరి ఇంక్రీజ్ మేథర్ ఆ ఏడాదే వ్రాసిన యుద్ధచరిత్రలో ఆ ఏడుపును కూడా ఎక్కించాడు. దయ్యాల ఏడుపన్నాడు.

నా సమయం అయిపోయింది. సెలవు.